వాళ్ళింట్లో మా జేజి నవ్వు

వేయించిన వేరుశనగ బుడ్డల వాసన తగిలితే ఈ వయసులో కూడా నాకు ఆకలి కంటే ముందు అసూయ పుడుతుంది.

మైదుకూరులో మా పక్కిల్లు బాషా మామది. సీడీలొచ్చి ఆయన వీడియో క్యాసెట్ల అంగడి మూతపడ్డాక, ఇంట్లోనే కంప్యూటరు పెట్టి పెళ్ళి క్యాసెట్లను సీడీలకెక్కించేవాడు. ఆయన కూతురు షంషాద్‌ది నా ఈడు. ఎండలకు నాపరాళ్ళ అరుగులు కాలిపోయి తొక్కుడుబిళ్ళ కూడా ఆగిపోయే మధ్యాహ్నాల్లో, మా నాయన వాళ్ళమ్మ, మా జేజి, బుడ్డలు వేయించి కొంగున కట్టుకొని, నన్ను వెంటబెట్టుకొని వాళ్ళింటికి పోయేది. షంషాద్‌కు కూలరుంది, కంప్యూటరుంది, కూర్చోబెట్టుకొని సినిమా చూపించే నాయన ఉన్నాడు. మా నాయనకు కిరాణా కొట్టు తప్ప మరో లోకం లేదు. నేను కళ్ళలో నిప్పులు పోసుకునేదాన్ని. మా ఇంట్లో ముభావంగా తిరిగే జేజి వాళ్ళింట్లో పొట్ట పట్టుకొని నవ్వడం మాత్రం అసలు ఓర్చుకోలేకపోయేదాన్ని.

ఆమెను అట్లా నవ్వించింది ఒక పాత హాస్య చిత్రం. అందులో అల్లుడు నిచ్చెన భుజాన వేసుకొని ఎటు తిరిగినా మామగారు పిండి బస్తాలో పడేవాడు. ఆ క్యాసెట్టుకు బూజు పట్టింది. బజారులో ఒక్క సీడీలో మూడు సినిమాలు కుక్కి ఇస్తుంటే, బాషా మామ ఒప్పుకోలేదు.

"కుదిస్తే మొగాలు గళ్ళు గళ్ళయితాయి పెద్దమ్మా. జాగా ఎంతన్నా పోనీ, బొమ్మ చెడగూడదు" అని, కంప్యూటర్లో ఉన్నవన్నీ తుడిచి దానికి చోటు చేశాడు. తీరా మొదలుపెడితే బొమ్మ ఎక్కుతోంది గాని శబ్దం ఎక్కడం లేదు. టేపు మళ్ళీ ఆడుతుందన్న నమ్మకం లేక, టీవీ ముందర మైకు పెట్టి, "ఎవరూ నగగూడదు" అన్నాడు.

"నగకుండా ఎట్లుండేదప్పా?" అంది జేజి.

నిచ్చెన తిరిగింది. జేజి ఆగలేకపోయింది. ఆమెను వారించబోయి మామ, ఆయన్ను చూసి షంషాద్ పగలబడి నవ్వారు. నేను పావడా అంచు నోట్లో కుక్కుకొని కూర్చున్నాను.

జేజి పోయి చాలా ఏళ్ళయింది. క్యాసెట్టు లేదు, అంగడి ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు. మా ఇంట్లో ఆమె ఫోటోలు రెండున్నాయి, గొంతు మాత్రం లేదు. పోయిన వారం షంషాద్ ఆ సినిమాను నా ఫోనుకు పంపింది. బొమ్మ ఇప్పటికీ తేటగా ఉంది, పిండి రేణువులతో సహా. జేజి నవ్వు పక్కనే షంషాద్ నవ్వు వినిపిస్తుంటే, ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు కడుపు మండింది.

ఆ నవ్వు సద్దుమణిగాక జేజి గొంతు నన్ను మెల్లగా అడుగుతుంది: "ఏమే, నువ్వేంటికి నగవు?"