సూదక్క, ఒక మసిపట్టిన కిటికీ

సూదక్క ఒకసారి తలవెంట్రుకను నిలువునా చీల్చి, అందులో సగంతో ఒక పెద్దింటావిడ పట్టుబట్టకు పడ్డ చిరుగు కుట్టిందని పుకారు. మిగతా సగం డబ్బాలో దాచుకుందట. చూసినవాళ్లు ఒక్కరూ లేరు, చెప్పేవాళ్లు మాత్రం వీధికి పదిమంది.

అయినా నమ్మబుద్ధేస్తుంది. లాండ్రీ వెనకగదిలో ఆవిడ ముప్పై ఏళ్లుగా రఫ్పు చేస్తోంది మరి. సిగరెట్టు కాల్చిన బొక్కైనా, ఎలుక కొరికిన బొక్కైనా, పోగు మీద పోగు వేసి నేసినట్టే నింపేస్తుంది. ఆ తర్వాత చిరుగెక్కడుందో వెతకాలంటే బట్ట సొంతదారుకే తలప్రాణం తోకకొస్తుంది.

ఈ పనికి ఒకటే మొండి నియమం. దారం రంగు పగటి వెలుతురులోనే చూసుకోవాలి. ట్యూబులైటు కింద నలుపూ ముదురు నీలమూ కవలపిల్లలు, కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. గదికున్నది ఒకే కిటికీ. దాని అద్దం ఇస్త్రీ ఆవిరికీ మసికీ గోధుమరంగు తిరిగిపోయింది. అందుకే ఏడాది పొడుగునా రెక్కలు బార్లా తీసే ఉంటాయి.

కిటికీని ఆనుకునే ఒక చెట్టు ఉంది. వసంతం వచ్చిందంటే లోకమంతా పూలు చూసి మురిసిపోతుంది, సూదక్కకు మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. పచ్చటి పుప్పొడి బల్ల మీద, బట్టల మీద, ఆవిడ కనురెప్పల మీద బస్తాలకొద్దీ రాలేది. కళ్లు ఒకటే దురద. నలిపినంతసేపూ స్వర్గం, ఆపితే నరకం. సాయంత్రానికి రెండు కళ్లూ పండుమిరపకాయలు.

"ఏమ్మా, ఉల్లిపాయల కొట్టు పెట్టావా ఏంటి?" అనేవాడు అదే గదిలో బట్టలు రుద్దే ఇస్త్రీ బాబాయి.

"నీ మొహం చూస్తే ఎవరికైనా ఏడుపే వస్తుంది బాబాయ్."

"కిటికీ మూసుకోవే తల్లీ. కళ్లన్నా మిగుల్తాయి."

రెండేళ్ల కిందట ఆ మాట విని మూసింది. ఆ వారమే ఒక ప్లీడరుగారి నల్లకోటు మోచేతికి రఫ్పు చేసింది. ఆయన అది తొడుక్కుని ఎండలోకి వెళ్తే మోచెయ్యి నీలంగా మెరిసిందట. కోర్టు కోర్టంతా లేచి చూసిందంటారు. అంత కాకపోయినా, ఆయన కోటు తెచ్చి బల్ల మీద విసిరికొట్టిన మాట నిజం. లాండ్రీ ఓనరు వెనకగదికి వచ్చి మెల్లగా అన్నాడు.

"అక్కా, ఇంకొక్కసారి ఇలా అయితే రఫ్పు పని బయటికి పంపేస్తా. తర్వాత నన్ననుకోకు."

యాభై దాటాక కొత్త పని నేర్చుకునే ఓపిక ఎక్కడిది? సూది తప్ప ఇంకోటి పట్టడం ఆ చేతికి తెలియదు. సూదక్క లేచి కిటికీ మళ్లీ తీసేసింది.

అప్పుడు జాలిపడ్డవాడు బాబాయే. ఇంట్లోంచి ఒక చిన్న సీసా తెచ్చాడు. "నా కన్ను ఆపరేషనప్పుడు ఇచ్చిన చుక్కలు. సగం మిగిలాయి. వేసుకో, చల్లగా ఉంటుంది."

నిజంగానే మంత్రం వేసినట్టు దురద పోయింది. సీసా అయిపోతే ఖాళీ సీసా పట్టుకెళ్లి మందుల షాపులో చూపించేది. "డాక్టరే వాడమంది" అనేది. ఏ డాక్టరో వాళ్లూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. అలా రెండు వసంతాలు గడిచాయి. ఇంటికెళ్లేటప్పుడు వీధి దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించేవి. అలసట కాబోలు అనుకుంది. అలసట లేని రోజేది, తేడా తెలియడానికి?

ఒక ఉదయం సూదిలో దారం ఎక్కలేదు. ఏడుసార్లు గుచ్చింది. పుట్టి బుద్ధెరిగాక రెండోసారి గుచ్చి ఎరగదు. బాబాయి చూశాడు, ఒక్క వెటకారమూ ఆడలేదు. అదే ఆవిడను భయపెట్టింది. ఆ పూటే కళ్ల డాక్టరమ్మ దగ్గరకు వెళ్లింది.

డాక్టరమ్మ సీసా తిప్పి చూసింది. "ఇది ఎవరికి రాసిందమ్మా?"

"మా బాబాయికి."

"మరి కళ్లు కూడా బాబాయివేనా?"

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ గొంతు మెత్తబడింది. "ఈ మందు దురదను జోకొడుతుంది, కంటి లోపల ఒత్తిడి పెంచుతుంది. నీకు పెరిగింది. పక్కలకు ఆనే చూపు కొంచెం పోయింది. అది ఇక రాదు. ఉన్నదాన్ని కాపాడుకుందాం."

"పని మానెయ్యాలా?"

"ఈ సీసా మానెయ్, నలపడం మానెయ్. దురదేస్తే శుభ్రమైన గుడ్డ చన్నీళ్లలో ముంచి మూసిన కళ్ల మీద పెట్టుకో. నేను రాసిన చుక్కలే వేసుకో. బయట తిరిగేటప్పుడు కళ్లద్దాలు. ఇంటికెళ్లగానే మొహం, జుట్టు కడుక్కో. ఆ కిటికీ మాత్రం మూసెయ్."

"కిటికీ మూస్తే నలుపు కాస్తా నీలమైపోతుంది డాక్టరమ్మా."

డాక్టరమ్మకు ఆ ముక్క అర్థం కాలేదు.

తిరిగొచ్చి రెక్కలు మూసి, ఆ గోధుమరంగు అద్దం ముందు గంటసేపు కూలబడింది. కళ్లు మిగిలితే పని పోయేలా ఉంది, పని మిగిలితే కళ్లు పోయేలా ఉన్నాయి. చివరికి అద్దాన్ని గోటితో గీకింది. గోరు కింద నల్లటి జిడ్డు, గీత లోంచి సన్నటి ఎండ.

"బాబాయ్, దీన్ని ఎప్పుడైనా కడిగారా?"

"నువ్వు కడుగుతావని నేనూ..."

"నువ్వు కడుగుతావని నేనూ."

ముప్పై ఏళ్లు! పదిహేను బకెట్ల సబ్బునీళ్లు పట్టాయంటారు, మూడైనా పట్టి ఉంటాయి. బయటనుంచి బాబాయి బ్లేడుతో గీకాడు, లోపలనుంచి ఆవిడ మూతికి గుడ్డ కట్టుకుని తోమింది. పొద్దు వాలేలోగా అద్దం తేటపడింది. మూసిన కిటికీ కింద రెండు దారపు ఉండలు పక్కపక్కన పెట్టి చూసింది. నలుపు నలుపుగా, నీలం నీలంగా విడిపోయాయి. సంబరపడే ఓపిక లేక స్టూలు మీద కూర్చుని మోకాళ్లు పట్టుకుంది.

నెల తిరిగేసరికి కంట్లో ఒత్తిడి కొంత దిగింది. చుక్కలు బహుశా జన్మంతా వెయ్యాలని, మూడు నెలలకోసారి రావాలని డాక్టరమ్మ అంది. మరో బట్టల మూట అందుకున్నట్టు "సరే" అంది సూదక్క. సూదిలో దారం ఇప్పుడు రెండో గుచ్చుకో మూడో గుచ్చుకో ఎక్కుతోంది.

ఈ సంగతంతా మొన్న బట్టలివ్వడానికొచ్చిన ఒకావిడ గుచ్చి గుచ్చి అడిగితే, సూదక్క పనిలోంచి తలెత్తలేదు. "చుక్కలేంటి, కోటేంటి? నా కళ్లకేం, నిక్షేపంలా ఉన్నాయి. ఈ కిటికీ మొదట్నుంచీ ఇంతే తేటగా ఉంది. పనిలేనివాళ్లు ఎవరో కట్టిన కథమ్మా అదంతా. అలాంటిదేమైనా జరిగి ఉంటే నాకు తెలియదా?"