టోపీ తీసి కూర్చునే సుబేదార్

అబిడ్స్‌లో మా అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడు ఒక రిటైర్డ్ సుబేదార్. మీటింగ్ మొదలవగానే ఫౌజీ టోపీ తీసి పక్క కుర్చీలో పెట్టేవాడు. ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

భద్రత కోసమని వెనక గేటుకు ఆయనే తాళం వేయించాడు. దాంతో అంబులెన్స్ లోపలికి రావడం ఆలస్యమై, పక్షవాతం వచ్చిన కిందింటి పెద్దాయనకు చెయ్యి పడిపోయింది. మీటింగ్‌లో ఆ పెద్దాయన కూతురు సుబేదార్‌ని నిలదీసింది.

"దేశానికి పనిచేసిన మనిషిని గట్లా అడగొద్దమ్మా," అని నేనే అడ్డుపడ్డాను.

సుబేదార్ నావైపు తిరిగాడు. "టోపీ తీసింది గందుకే సార్. బార్డర్ల కావలి కాసిన, ఔ. గీ తాళం ఏయించింది గూడ నేనే. ఆమెను అడగనియ్యున్రి."

ఆమె అడిగినంతసేపూ నిలబడే విన్నాడు. తాళంచెవి ఆమె చేతిలో పెట్టాకే కూర్చున్నాడు.