దేవేంద్రప్ప రాసిన గోడ

దేవేంద్రప్పకు నోటి దురుసు ఎక్కువ. మైదుకూరు చుట్టుపక్కల బోర్డు రాయాలన్నా గోడ రాయాలన్నా ఆయనే దిక్కు కాబట్టి జనం ఆ దురుసును భరించేవాళ్లు. "అక్షరానికి నాలుగు పక్కలా ఊపిరాడల్ల. అంచున వదిలే ఖాళీని మార్జిన్ అంటారు, అది దండగ కాదప్పా. ముదురు రంగు మింద ముదురు రంగేస్తే రెండూ సస్తాయి," అని షావుకార్లను కూడా కసిరేవాడు.

పంతొమ్మిది వందల యాభై అయిదులో దగ్గరి పల్లెలో బడికి కొత్త గది కట్టారు. ఆ పల్లెలో పెద్ద ఈరన్నది ఒక పార్టీ, బొజ్జన్నది ఇంకో పార్టీ. నరుక్కోవడం వాళ్లకు మామూలు. గదికి ఇద్దరూ రాళ్లు తోలించారు గనుక ఇద్దరి పేర్లూ గోడమీద ఉండాలని పెద్దమనుషులు తేల్చారు.

"నా పేరు గోడంతా నిండల్ల. నీలం మింద ఎర్రగా రాయి. వానిది కింద, సున్నం మింద నల్లగా, చిన్నగా గీకు," అన్నాడు పెద్ద ఈరన్న.

"అట్ల రాస్తే నీ పేరు కంటికి ఆనదప్పా."

"చెప్పింది చెయ్."

దేవేంద్రప్పకు ఒళ్లు మండింది. పంతానికి అక్షరాలా చెప్పినట్టే రాశాడు. గది తెరిచిన రోజు దారిమీద నిలబడి చూస్తే ఎరుపూ నీలమూ కలిసి అలుక్కుపోయాయి. తెల్లటి సున్నం మధ్య బొజ్జన్న పేరొక్కటే అందరికీ కనబడింది. బొజ్జన్న మనుషులు ఈలలు వేశారు.

ఆ మధ్యాహ్నమే పెద్ద ఈరన్న మనుషులు దేవేంద్రప్పను జుట్టు పట్టి కళ్లంలోకి ఈడ్చుకుపోయారు. కుడిచేతిని బండమీద పరిచి రోకలి ఎత్తారు.

"బొజ్జన్న చెప్పి రాయించినాడా, లేదా?"

"ఎవురూ చెప్పలేదు! చుట్టూ ఖాళీ ఉండాది కాబట్టి కన్ను ఆడికే పోతాది, అంతే!"

చిటికెనవేలు చితికింది. మళ్లీ అడిగారు, మళ్లీ అదే చెప్పాడు. ఉంగరపు వేలూ పోయింది. నిజం చెబితే వదులుతారనుకున్నాడు, పిచ్చివాడు. కుంచె పట్టే బొటనవేలినీ చూపుడువేలినీ విడదీసి రోకలి మళ్లీ ఎత్తారు.

"బొజ్జన్నే! బొజ్జన్నే చెప్పినాడు!" అని అరిచాడు. రోకలి ఆగింది.

మర్నాడు పొద్దున్నే బొజ్జన్నను బావిగట్టున వేటకొడవళ్లతో నరికారు. అడ్డం పెట్టిన చేతులు మోచేతుల దగ్గర తెగిపడ్డాయి. నెత్తురు కాలవలోకి పారింది.

దినాలయ్యాక బొజ్జన్న భార్య వరమ్మ మైదుకూరు వచ్చింది, సమాధి రాతిమీద పేరు రాయించడానికి. దేవేంద్రప్ప కట్టు కట్టిన చేతిని చూసి భోరుమంది.

"నీ ఏళ్లు ఇరగ్గొట్టినా మా ఆయన మింద అబద్ధం చెప్పలేదంట కదప్పా. మా వాళ్లంతా అదే అంటాండారు."

దేవేంద్రప్ప కట్టు చేతిని వెనక్కి దాచుకున్నాడు. వరమ్మ వంగి ఆయన కాళ్లు పట్టుకుంది.