సున్నా చూపించిన గ్రాఫిక్స్ కార్డు

రాయదుర్గంలో నేను కంప్యూటర్ల అంగడి పెట్టిన మూడో ఏడు ఒక గ్రాఫిక్స్ కార్డు నన్ను పదకొండు రోజులు తిప్పింది. కార్డు మంచిదే. నా అంగట్లో పెట్టి చూసినప్పుడల్లా బాగా పని చేసింది. కొన్నవాళ్ల ఇంట్లో మాత్రం పని చేయలేదు. ఒకసారి ఆ ఇంటికి వెళ్లి చూసి ఉంటే మొదటి రోజే తేలిపోయేది. ఆ ఇంటికి నేను వెళ్లకూడదు.

దానికి కారణం మా మిల్లు. మాకు ఒకప్పుడు ఊళ్లో వేరుశనగ మిల్లు, కుందుర్పి వైపు మెట్ట భూములు ఉండేవి. కాయల కాలంలో బండ్లు మిల్లు గేటు నుంచి రోడ్డు దాకా నిలిచేవని పెద్దవాళ్లు చెప్పేవారు. నేను చూసింది ఆ కాలం కాదు. వాన లేని ఏళ్లు, ఊడ్చిన కళ్లంలా ఖాళీగా ఉన్న మిల్లు, ఆఖరికి బ్యాంకు వేలం, ఇవి నేను చూశాను. వేలంలో దాన్ని బజారు వీధిలోని ఒక వ్యాపారి కుటుంబం కొన్నది. కొనడంలో తప్పేమీ లేదని మా నాయన కూడా అన్నాడు. వాళ్లు కాకుంటే ఇంకొకరు కొనేవారు. కానీ మిల్లులో మా తాత పెట్టించిన లక్ష్మీదేవి పటం ఒకటి ఉండేది. దాన్ని ఆ ఇంటి పెద్దాయన పాత పేపర్లో చుట్టి, ఒక హమాలీ చేత మా ఇంటికి పంపించాడు. తాను రాలేదు. కొడుకులనూ పంపలేదు. నాయన పటం తీసుకుని లోపల పెట్టి వచ్చి, వాకిట్లో నిలబడి ఒక్క మాట అన్నాడు.

"ఇంక వాళ్ల గడప మనం తొక్కం. వాళ్లింట్లో నీళ్లు ముట్టం."

అప్పుడు నాకు పదిహేడేళ్లు. భూములు పోయాక, ఇల్లు పోయాక, బాడుగ ఇంట్లోకి మారాక కూడా ఆ మాట మాత్రం మా దగ్గర ఉంది. నాయనకు సొంతమని చెప్పుకునేందుకు మిగిలినవాటిలో అదొకటి. దాన్ని నేనూ నిలబెట్టాను. వాళ్లింట్లో పెళ్లికి పిలుపు వచ్చినా పోలేదు, చావుకూ పోలేదు. మిల్లును వాళ్లు జీన్స్ కుట్టే యూనిట్‌గా మార్చారు. ఆ దారిన పోవాల్సి వస్తే నడక తగ్గించకుండా, తల తిప్పకుండా పోయేవాణ్ణి.

ఆ ఇంటి చిన్న కొడుకు పదో తరగతి దాకా నా బెంచీలో నా పక్కనే కూర్చున్నవాడు. రెండు వేల తొమ్మిది ప్రాంతంలో ఒకరోజు అంగడికి వచ్చి, తనకు గేములు ఆడుకునే కంప్యూటర్ కావాలన్నాడు. బెంగళూరులో వాళ్ల బంధువుల ఇంట్లో కార్ల రేసు గేము చూశాడట. యూనిట్ మూసిన తర్వాత సాయంత్రాలు ఆడుకోవాలని కోరిక. అప్పటికి మా ఊళ్లో అలాంటి మిషను ఎవరూ అడగలేదు. అందరికీ కావలసింది టైపు కొట్టుకునేది, బిల్లులు వేసుకునేది. అంగడి వెనక భాగంలోనే మా బాడుగ ఇల్లు. నాయన అంతా విన్నాడు. వాడు పోయిన తర్వాత, అంగడికి ఎవరైనా రావచ్చు అన్నాడు. అంటే గడప, నీళ్లు తప్ప మిగతాది వ్యాపారం.

నేను బెంగళూరు పోయి కార్డు తెచ్చి, నా చేత్తో బిగించి, రెండు రోజులు నడిపి చూశాను. గేము ఆడుతుంటే కార్డు ఎంత పని చేస్తున్నదో శాతాల్లో చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి అందులో వేశాను. తొంభై, తొంభై అయిదు చూపించింది. తర్వాత ఆటోలో వాళ్ల ఇంటి ముందుకు తీసుకుపోయాను. నేను వీధిలోనే నిలబడ్డాను. వాడికి కారణం తెలుసు కనుక లోపలికి రమ్మని అడగలేదు. సీపీయూ, మానిటర్, మిగతా డబ్బాలు తానే ఒక్కొక్కటిగా మోసుకుపోయాడు. వైర్లు ఎట్లా పెట్టాలో వీధిలో నుంచే చెప్పాను. కీబోర్డుది ఊదా రంగు, ఊదాలో; మౌసుది పచ్చ, పచ్చలో; మానిటర్ నీలం పిన్ను నీలం సాకెట్లో. రంగుకు రంగు. అందరికీ అట్లే చెప్పేవాణ్ణి. దారం రంగు చూసి గుడ్డ రంగు చెప్పే ఊరు అది. ఎవరూ తప్పు చేసేవాళ్లు కాదు.

మూడో రోజు ఫోన్ వచ్చింది. గేము ఆగి ఆగి, ఒక్కో బొమ్మగా కదులుతాండాదన్నాడు. ఆ ప్రోగ్రాం తెరిచి శాతం చూడమన్నాను.

"సున్నా."

"గేము ఆడుతూ చూడప్పా."

"ఆడుతూనే చూస్తాండా. సున్నా. ఒగోసారి ఒకటి చూపిస్తాండాది."

సీపీయూ తీసుకురమ్మన్నాను. స్కూటర్ ముందర కాళ్ల దగ్గర పెట్టుకుని తెచ్చాడు. నా మానిటర్‌కు తగిలించి గేము పెట్టాను. తొంభై మూడు. వాడు నా వైపు చూశాడు. నేను డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను. కార్డు ఊడదీసి, దాని పసుపు పళ్లను పెన్సిలు రబ్బరుతో రుద్ది, మళ్లీ కూర్చోబెట్టాను. ఫ్యానులో అప్పుడే నీలం నూలు దుమ్ము చేరి ఉంటే బ్రష్‌తో తీశాను. ఆ ఊళ్లో ఏ మిషను తెరిచినా ఆ దుమ్మే ఉంటుంది. ఇంటికి తీసుకుపోయాడు. మళ్లీ సున్నా.

రెండోసారి పెట్టెకు కరెంటు పంచే డబ్బాను, ఎస్సెంపీఎస్‌ను, మార్చాను. చుట్టుపక్కల బోర్లకు త్రీఫేజు వదిలే వేళకు ఊళ్లో ఓల్టేజీ పడిపోతుంది కనుక కరెంటు చాలక కార్డు నిద్రపోతున్నదేమో అనుకున్నాను. మూడోసారి నా స్టెబిలైజర్ ఇచ్చి పంపాను. సున్నా. నాలుగోసారి విండోస్ మొత్తం తీసేసి కొత్తగా ఎక్కించాను. వాడు స్టూలు మీద కూర్చుని చూస్తుంటాడు. నా దగ్గర తొంభై దాటుతుంది. వాడు సంతోషంగా కట్టుకుని పోతాడు. గంట తర్వాత ఫోన్ మోగుతుంది. ఫోన్ ఎత్తేటప్పుడు నాకు ఏమీ అనిపించేది కాదు. సున్నా అని వాడు చెప్పక ముందే సరే అనేవాణ్ణి.

నాలుగోసారి ఫోన్‌లో వాడు ముందు సున్నా అన్నాడు. తర్వాత చెప్పాడు.

"ఒక మాట చెప్తా, నా మీద కోపం పెట్టుకోవద్దప్పా. వాళ్లకు మిల్లు నడిపేది రాలేదు, కంప్యూటర్ యాడ నడుపుతారు, అంటాండాడు మా నాయన. ఆదివారం బళ్లారి నుంచి మనిషిని పిలిపిస్తాడంట."

సరే అన్నాను. ఫోన్ పెట్టేశాను. బళ్లారి మనిషి వస్తాడు, వాళ్ల పెద్దింటి నడుమ పెట్టె విప్పుతాడు, లోపం ఏమిటో చెబుతాడు. లోపం నాదైతే ఊళ్లోని జీన్స్ యూనిట్ల వాళ్లందరికీ సాయంత్రానికల్లా తెలుస్తుంది. ఆ యూనిట్లే నా అంగడికి తిండి. అది నాకు అర్థమైంది. మిల్లు మాట కూడా అర్థమైంది. కోపం రావాలి కదా అని ఎదురుచూసినట్టు కూర్చున్నాను. రాలేదు. ముందున్న ప్రింటర్ మూత విప్పి దాని పని చేసుకున్నాను.

సీపీయూ ఇక్కడికి వస్తే బాగుంటుంది, అక్కడికి పోతే చెడుతుంది. లోపం పెట్టెలో లేదు, ఆ ఇంట్లో ఉంది. ఇది నాకు రెండోసారికే తెలిసి ఉండాలి. నిజం చెప్పాలంటే తెలిసింది. తెలిసినా, ఎస్సెంపీఎస్ మార్చడం, స్టెబిలైజర్ ఇవ్వడం సులువు అనిపించింది.

శనివారం మధ్యాహ్నం నాయన భోజనం చేసి పడుకున్న తర్వాత స్క్రూడ్రైవర్ల సంచీ తీసుకుని బయలుదేరాను. ఆయనకు చెప్పలేదు. అడిగితే వద్దంటాడనీ కాదు, సరే అంటాడనీ కాదు. అడగడం ఎట్లాగో తెలియలేదు. ఆ ఇంటి ముందు చెప్పులు విడిచాను. గడపకు పసుపు పూసి ఉంది. దాని మీద కాలు పడకుండా దాటాను. అదైనా మా అమ్మ నేర్పిన అలవాటు, ఏ గడపైనా తొక్కకూడదని.

వాడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మేడ మీది గదిలోకి తీసుకుపోయాడు. బల్లను గోడ నుంచి కొంచెం లాగి వెనక్కి వంగాను. నిమిషం కూడా పట్టలేదు.

నీలం పిన్ను నీలం సాకెట్లోనే ఉంది. నేను చెప్పినట్టే. ఆ నీలం సాకెట్టు మదర్‌బోర్డుది. దాని కింద, నేను తెచ్చిన కార్డుకు రెండు తెల్ల సాకెట్లు ఉన్నాయి. రెండూ ఖాళీ. ఆ కార్డుకు నీలం సాకెట్టు అసలు లేదు. నీలం పిన్నును తెల్ల సాకెట్లో పెట్టడానికి చిన్న కన్వర్టర్ ఒకటి కార్డు డబ్బాలోనే వస్తుంది. నా అంగట్లో మానిటర్ వైరుకు అలాంటిది ఒకటి ఎప్పుడో బిగించి వదిలేశాను. రోజూ చేతిలో ఉండేది కనుక అది ఒకటి ఉందనే మర్చిపోయాను. చాలా బోర్డుల్లో కార్డు పెట్టగానే బోర్డు సొంత సాకెట్టు ఆగిపోతుంది, అప్పుడు తెర నల్లగా ఉండి తప్పు వెంటనే తెలుస్తుంది. ఈ బోర్డులో ఆగదు. అదీ నాకు తెలుసు. వాడు పదకొండు రోజులుగా కార్డు లేనట్టే ఆడుతున్నాడు. కార్డు ఖాళీగా కూర్చుంది.

కార్డు డబ్బా అడిగాను. అల్మారా మీద నుంచి తీసి ఇచ్చాడు. కొత్త వస్తువని డబ్బాకు కుంకుమ పెట్టి దాచారు. కన్వర్టర్ చిన్న కవర్లో అట్లే ఉంది. కవరు చింపి, పిన్నుకు తొడిగి, తెల్ల సాకెట్లో బిగించాను. గేము పెట్టమన్నాను. తొంభై నాలుగు.

వాడు శాతం చూశాడు, నా ముఖం చూశాడు, నవ్వాడు.

"నాలుగు సార్లు మోపించినావు కదప్పా నాతో, గాడిద మూట మోసినట్ల."

నవ్వాలని తెలుసు. నవ్వలేదు. సంచీ సర్దుకుని కిందికి దిగాను. నడుమింట్లో పెద్దాయన ఉయ్యాల బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి కొంచెంసేపు గుర్తుపట్టనట్టు ఉండి, తర్వాత కొడుకును అడిగాడు, ఏమైందంట అని.

"ఏం లేదు నాయనా, కార్డు రవంత లూజైనాది. బిగించినాడు."

నన్ను కాపాడడానికి అన్నాడు. ఆ మాటతో బయటపడవచ్చు. తల ఊపి నడిచిపోతే చాలు. నేను నిలబడ్డాను.

"లూజు కాదు సామీ. వైరు పెట్టే చోటు నేను తప్పు చెప్పినా. కార్డులో ఏమీ లేదు, మీవాడి తప్పూ లేదు. నాదే."

పెద్దాయన ఉయ్యాల ఆపాడు. నేను నడుము నిటారుగా పెట్టుకునే నిలబడ్డాను. వాళ్లింట్లో వంగి మాట్లాడకూడదు అనుకున్నాను. తప్పు ఒప్పుకుంటున్నప్పుడు కూడా అదే అనుకున్నాను. ఆయన మిల్లు మాట ఎత్తలేదు. బళ్లారి మాటా ఎత్తలేదు.

"కూసో. ఎండనపడి వచ్చినావు. నీళ్లు తాగు," అన్నాడు.

లోపల నుంచి ఆయన భార్య చెంబుతో నీళ్లు తెచ్చింది. చిన్న కొడుకు తల దించుకున్నాడు, వాళ్లమ్మకు వద్దని సైగ చేసినట్టు కూడా అనిపించింది. నేనూ వద్దనవచ్చు. గడప దాటిన తర్వాత నీళ్లు వద్దనడం నాకే ఎందుకో చిన్నతనంగా తోచింది. చెంబు తీసుకుని తాగాను. పెద్ద విషయం జరుగుతున్నట్టు ఉంటుందని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఏమీ కాలేదు. చెంబు కింద పెట్టి, వస్తానని చెప్పి వచ్చేశాను.

సాయంత్రం నాయన అంగట్లో పేపరు చదువుతుంటే చెప్పాను. వాళ్లింటికి పోయి వచ్చినానని, అంతే చెప్పాను. ఆయన పేపరు దించలేదు.

"ఏముండాది దాంట్లో?"

"ఏమీ లేదు. వైరు యాడ పెట్టల్లో నేను తప్పు చెప్పింటి."

"నీ తప్పా?"

"నాదే."

"అట్లయితే నువ్వే పోవల్ల. ఇంకొకరు పోతే ఎట్ల?" అన్నాడు. ఒక పేజీ తిప్పాడు. కాసేపటి తర్వాత అడిగాడు. "నీళ్లిచ్చినారా?"

"ఇచ్చినారు. తాగినా."

ఆయన చీకటి పడేదాకా అదే పేజీ చూస్తూ ఉన్నాడు. భోజనం దగ్గర కూరలో ఉప్పు చాలలేదన్నాడు, అంతే. నేను రెండు మూడు రోజులు ఎదురుచూశాను. తిడతాడని, లేకుంటే మాట్లాడడం మానేస్తాడని. రెండూ జరగలేదు.

తర్వాతి వారం నేను పామిడిలో ఒక పని చూసుకుని వచ్చేసరికి నాయన ఫోన్ పక్కన కూర్చుని ఉన్నాడు. యూనిట్‌లో బిల్లుల కంప్యూటర్ ఆగిపోయిందని వాళ్లింటి నుంచి ఫోన్ వచ్చిందట. ఎవరు చేశారని అడిగితే, పెద్దాయనే చేశాడన్నాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు, నేను అడగలేదు.

"మిల్లులోకి రమ్మంటాండారు. కరెంటు పోకముందే పోయి చూసుకుని రా," అన్నాడు.

ఇప్పటి యూనిట్‌ను నాయన ఇంకా మిల్లు అనే అన్నాడు. ఎవరిదో చెప్పలేదు. నేను సంచీ తీసుకుని వెళ్లాను.