బావి మెట్లు మూసిన నర్సమ్మ

నర్సింగు చదువుతున్న మా మనవరాలు మొన్న నా కాళ్ళకు నూనె రాస్తూ, చీలమండ మీది మచ్చ చూసి ఇదేమిటని అడిగింది. నారు లేచిన మచ్చ అన్నాను. "నారంటే వరినారే గద బాపమ్మా, కాలు మీద ఎట్ల లేస్తది?" అని పకపకా నవ్వింది. నాకు కోపం రాలేదు. ఏళ్ళ కిందట మా ఊరికి వచ్చిన మొదటి నర్సమ్మ కూడా అట్లాగే అనుకుంది. ఆంధ్ర, తెలంగాణ కలిసిన కొత్తలో కృష్ణా జిల్లా నుంచి వచ్చిందామె. "మా ఇంట్ల ముగ్గురికి నారు లేసింది" అని మా అత్త చెబితే, "సంతోషమండీ, ఈసారి పంట బాగుంటుంది" అన్నదట. మా అత్త ఈ ముచ్చట చచ్చేదాకా చెప్పుకుని నవ్వింది.

మాది మెట్‌పల్లికి దగ్గరలో ఓ ఊరు. మా వాడంతా మగ్గాల ఇళ్ళే. నీళ్ళకు ఒకటే దిగుడుబావి. ఆడవాళ్ళం మోకాలి లోతు నీళ్ళలో నిలబడి బిందెలు ముంచుకునేవాళ్ళం. ఎండలు ముదిరితే నారు లేచేది. కాలి మీద బొబ్బ లేచి, నిప్పు పెట్టినట్టు మండి, అది పగిలి తెల్లటి దారంలాంటి పురుగు బయటికి వచ్చేది. దానిని గుంజితే తెగుతుంది, తెగితే కాలు వాస్తుంది. మా పక్కింటాయనకు అట్లాగే తెగి మోకాలు బిగుసుకుపోయింది, మళ్ళీ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టలేదు. మా మామకు ఏటేటా లేచేది. గుంట మగ్గం నడిచేది కాళ్ళతోనే కదా. ఆయన నేసే అంచు చీరలు మా ఆయనకు చేతకావు. ఆ కాలు పోతే మా ఇల్లు పోయినట్టే. ఇంట్లో అందరి కళ్ళూ ఆయన కాలి మీదనే ఉండేవి, ఆయన మాత్రం మా చూపులకు విసుక్కునేవాడు.

నర్సమ్మ పొద్దున్నే వచ్చి, ఆ పురుగును చిన్న పుల్లకు చుట్టి, రోజుకు కొంచెం కొంచెంగా బయటికి లాగి కట్టు కట్టేది. "ఆడిమనిషి నా కాళ్ళు వట్టుడేంది" అని మామ మొదట ముడుచుకున్నాడు. తర్వాత అలవాటై, ఆమె రావడం కాస్త ఆలస్యమైతే చాలు, గడప వైపు చూసేవాడు. "బాబాయిగారూ" అని ఆమె పిలిస్తే లోపల్లోపల మురిసిపోయేవాడు కూడా. అయితే ఒకనాడు సాయంత్రం మామ బావి మెట్ల మీద కూర్చుని, కట్టు విప్పేసి, పుండు కాలును నీళ్ళలో పెట్టుకోవడం ఆమె కంట పడింది. మంట చల్లారుతుందని నారు లేచినవాళ్ళందరూ చేసే పనే అది. "బాబాయిగారూ, మీరిక ఈ బావిలో దిగకండి" అన్నదామె, బిందెలతో నిలబడ్డ పదిమందీ వింటుండగా.

ఆమె చెప్పింది వైద్యం. మా వాడకు వినిపించింది వేరు. మా దిక్కున ఒక మనిషిని నీళ్ళ దగ్గరికి రావద్దన్నారంటే కులం నుంచి వెలివేసినట్టే. తప్పు చేసినవాడికి నీళ్ళు, నిప్పు బంద్ పెట్టేది కులపెద్దలు, అదీ పంచాయితీ కూర్చున్నాకే. మామ ఇంటికి వచ్చి మగ్గం మీద గొంగడి కప్పి పడుకున్నాడు. "నేనేం తప్పు జేసిన? ఎవలి సొమ్ము దిన్న?" అని ఒకటే మాట. మర్నాడు నర్సమ్మ వస్తే తలుపు తీయనివ్వలేదు. పురుగు సగం లోపల, సగం బయట ఉంది. అది ఎక్కడ తెగుతుందోనని నాకు భయం. పెరటి దారిన పోయి ఆమెను పట్టుకుని, ఆమె అన్న మాటకు ఇక్కడ అర్థమేమిటో చెప్పాను. ఆమె ముఖం తెల్లబోయింది.

ఆ సాయంత్రమే కులపెద్దలు కూర్చున్న చోటికి ఆమె వచ్చింది. మామను కూడా పిలిపించారు. ఆ పుండులోంచి కంటికి కనిపించని పురుగు పిల్లలు నీళ్ళలో పడతాయని, ఆ నీళ్ళు తాగిన వాళ్ళకు మరుసటేడు నారు లేస్తుందని ఆమె ఓపికగా చెప్పింది. మా అత్త ఊరుకుంటుందా! "నారు వోసినోడు నీళ్ళు వోస్తడంటరు గని, నీళ్ళే నారు వోసుడు యాడన్న ఉన్నదా?" అంది. అందరూ నవ్వారు. నర్సమ్మా నవ్వి, "ఆయన ఒక్కరే కాదండీ, ఎవరూ దిగొద్దు. నేనూ దిగను. అందరం పైనుంచే తోడుకుందాం" అంది. పెద్దలు తలలు గోక్కున్నారు. అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న మామ తల ఎత్తాడు. "అందరికైతె నాకు బాధ లేదు. నా పాత మగ్గం కట్టెలున్నయి, గిలకకు ఇస్త" అన్నాడు.

మెట్లకు తుమ్మకంప అడ్డం పడింది. పైన గిలక వచ్చింది. నీళ్ళు వడగట్టడానికి బిందె మూతికి కట్టే చిక్కటి బట్టను మామే నేసి ఇంటింటికీ పంపాడు. నర్సమ్మతో మాత్రం మాటలు బంద్! గోడ వైపు ముఖం తిప్పుకుని కాలు ఆమె ముందు చాపేవాడు. ఆమె రోజూలాగే పుల్ల చుట్టేది. చివరికి పురుగు తెగకుండా బయటికి వచ్చింది.

తర్వాతి ఎండాకాలం మామకు నారు లేవలేదు. అది నర్సమ్మ పుణ్యమని ఎవరూ అనుకోలేదు, బోనాలు ఘనంగా చేసినందుకు పోచమ్మ చల్లగా చూసిందన్నారు. ఆ ఏడే నర్సమ్మకు లక్సెట్టిపేట వైపు బదిలీ అయింది. ఆమె పోయే రోజు మామ మగ్గం దిగి, ఒక్క మాట మాట్లాడకుండా ఆమె రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు దాకా నడిచాడు. వెనకాల నేనూ వెళ్ళాను. కుంటకుండా పోతున్న ఆ కాళ్ళను చూస్తే నాకు ఏడుపు ఆగలేదు. బస్సు కదిలేముందు ఆయన నోరు విప్పాడు. "బిడ్డా, గా ఊర్ల గూడ ముసలోన్ని ఒక్కన్నే ఆపకు. అందర్ని ఆపు."

ఆ సంవత్సరం ఏదని ఇప్పుడు అడిగితే నాకే సరిగ్గా గుర్తులేదు. రోగం వచ్చిన ఏడును లోకం గుర్తుపెట్టుకుంటుంది గానీ, రాకుండా పోయిన ఏడును ఎవరు లెక్కపెడతారు!