తడి గోనె కింద

మా చిన్నప్పుడు... కార్తీకం మొదట్లో ఒక తెల్లవారుజామున, చామంతి మడిలో పరిచిన తడి గోనెసంచి కిందికి మా తమ్ముడు మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. ఆ గోనె కింద రక్తపింజర ఉంది.

వాడికి నాలుగేళ్ళు. నాకు తొమ్మిది.

తుంగభద్ర కాలవ వచ్చిన కొత్త రోజులవి. గోదావరి వైపు నుంచి వచ్చి, బళ్ళారి జిల్లా హచ్చొళ్ళి దగ్గర వరి పొలాలు చేసుకుంటున్న కుటుంబాల్లో మాదొకటి. మా ఇళ్ళన్నిటినీ కలిపి క్యాంపు అనేవారు. వచ్చేటప్పుడు నాయనమ్మ చామంతి పిలకల్ని తడిగుడ్డలో చుట్టి, రైల్లో దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఊరు వదిలినందుకు ఎవరినీ ఒక్క మాట అనలేదు... ఆ పిలకల్ని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

నల్లరేగడిలో అవి బాగానే నాటుకున్నాయి. అయితే నీళ్ళతోపాటు నత్తలూ వచ్చాయి. గుల్ల ఉన్నవి, గుల్ల లేకుండా జిగురుగా పాకేవి... పొద్దున్నే చూస్తే లేత ఆకులు జల్లెడలా ఉండేవి. మొగ్గలు సగం కొరికి ఉండేవి.

నాయనమ్మకు తెలిసిన ఉపాయం ఒకటే. సందెవేళ పాత గోనెసంచుల్ని నీళ్ళలో ముంచి మొక్కల మధ్య పరిచేది. చల్లదనానికి నత్తలు వాటి కిందికి చేరేవి. తెల్లారాక గోనె ఎత్తి, వాటిని ఏరి ఉప్పునీళ్ళ డాల్డా డబ్బాలో వెయ్యడం నా పని. తమ్ముడు బుజ్జికి నత్తలంటే ప్రాణం. నేను డబ్బాలో వేసేలోపు ఒకటో రెండో లాక్కుపోయి అరుగు మీద నడిపించుకునేవాడు.

పక్క పొలం వాళ్ళ హనుమక్క ఆ ఊరి మనిషి. గోనెలు చూసి నవ్వేది.

"ఏం పెద్దమ్మా, మీ గోదావరోళ్ళు నత్తలకి పరుపులేస్తాండారే... దిండ్లు గూడా పెడతారా ఏంది?"

నాయనమ్మా నవ్వేది. గోనె కింద చల్లదనం నత్తలకే కాదు, కప్పలకూ నచ్చుతుందని, కప్పల వెనక వచ్చేవి ఉంటాయని మేమెవరమూ ఆలోచించలేదు. నీళ్ళు అందని మడి అంచున నేల నెర్రెలు విచ్చి ఉండేది. నా చెయ్యి దూరేంత వెడల్పు... లోతెంతో కనపడేది కాదు.

ఆ పొద్దున నేను డబ్బా తీసుకుని వెళ్ళేసరికే బుజ్జి మడిలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. నాకంటే ముందు లేచి నత్తల్ని దాచేద్దామని వచ్చాడన్నమాట. గోనె ఎత్తే బలం లేక, పక్కనుంచి చెయ్యి దూర్చి తడుముతున్నాడు.

వాడి చెయ్యి లేని వైపు గోనె కదిలింది.

తర్వాత బుస వినిపించింది. కొలిమి తిత్తి ఊదినట్టు... ఆగి, మళ్ళీ. కాటు పడితే బళ్ళారి ఆసుపత్రికి వెళ్ళాలి. అక్కడికి కొంత దూరం ఎడ్లబండి, తర్వాత దొరికితే బస్సు. ముందటి ఏడు క్యాంపులో ఒకతన్ని అలాగే తీసుకెళ్ళారు. బస్సు ఎక్కించే పని లేకుండానే వెనక్కి తెచ్చారు. అది నేను చూశాను.

నాయనమ్మ అరుగు మీద నిలబడి ఉంది. ఆమె అరవలేదు. జోకొట్టేటప్పటి గొంతుతో అంది.

"బుజ్జీ... కదలకు నాన్నా. నత్త నిద్రపోతోంది."

వాడు కదల్లేదు.

"లేపకూడదు. చెయ్యి మెల్లగా తీసుకో... ఇంకా మెల్లగా."

వాడు ఊపిరి బిగబట్టి, నిద్రపోయే పసిపిల్ల పక్కనుంచి లేచినట్టు, కొంచెం కొంచెంగా చెయ్యి తీసుకున్నాడు. మణికట్టు కనపడింది. తర్వాత వేళ్ళు. పిడికిట్లో రెండు నత్తలున్నాయి. నేను వాణ్ణి నడుం పట్టి వెనక్కి లాగాను. నాయనమ్మ అరుగు దిగి వచ్చి వాడి చెయ్యి తిప్పి తిప్పి చూసింది.

నేను పరిగెత్తి చెబితే హనుమక్క భర్త కర్రలతో మనుషుల్ని తెచ్చాడు. పొడుగాటి వెదురుతో గోనె లేపేసరికి, గొలుసు మచ్చల వీపు ఒకటి నెర్రెలోకి జారిపోయింది.

"కొళకుమండల అది," అంది హనుమక్క. రక్తపింజరకు వాళ్ళ మాట అదే. ఈసారి ఆమె నవ్వలేదు. "నెర్రెలోకి దూరిండాది. కాలవ నీళ్ళ వంతు వచ్చేదాకా ఎవురూ ఆడ కాలు పెట్టొద్దండి."

వంతు వచ్చేదాకా పిల్లల్ని మంచాల మీదినుంచి దిగనివ్వలేదు. వంతు రోజున మడికి నీళ్ళు వదిలి, మగవాళ్ళు కర్రలతో చుట్టూ నిలబడ్డారు. నెర్రె నిండింది. బుడగలు వచ్చాయి. పాము రాలేదు. లోపలే చచ్చిందో, ఇంకో దారిన పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు.

నాయనమ్మ గోనెల్ని తగలబెట్టింది. మొక్కల చుట్టూ బూడిద చల్లి చూసింది. మంచుకు తడిసి అది పనిచెయ్యలేదు. ఆ ఏడు చామంతులు పూయలేదు.

బుజ్జికి ఇప్పుడు డెబ్బై దాటాయి. పాము సంగతి వాడికి గుర్తులేదు. నత్త నిద్రపోతోందన్న మాట మాత్రం గుర్తుందట.

ఆ మడి ఉన్నచోట ఇప్పుడు సిమెంటు కళ్ళం ఉంది. నేనుండేది మూడో అంతస్తులో... చామంతులు కుండీల్లో. ఈ వానలకు వాటికీ నత్తలు పట్టాయి. మీ ఇళ్ళల్లో పూలమొక్కల్ని నత్తల నుంచి ఎలా కాపాడుకునేవారో, ఆ పని పిల్లల్లో ఎవరికి అప్పజెప్పేవారో రాయండి... చదువుతాను.

మా మనవరాలు ఫోన్‌లో ఏదో చూసి, ఇవాళ సాయంత్రం కుండీల మధ్య తడి అట్టలు పరిచింది. పొద్దున్నే లేచి తనే ఎత్తుతుందట. ఇంత ఎత్తుకు ఏ పామూ రాదని నాకు తెలుసు. అయినా బాల్కనీ తలుపుకు మనవరాలికి అందని పై గడియ వేశాను. రేపు ఆ అట్టలు ముందు నేను ఎత్తుతాను.