నిప్పుల వానకు కట్టిన ఇల్లు

1951 ఎండాకాలం. అప్పుడు నేను ఉదయగిరిలో ఒక చిన్న ప్రసూతి కేంద్రంలో మిడ్‌వైఫ్‌ని, అంటే పురుళ్లు పోసే నర్సుని. డాక్టరు ఆత్మకూరులో ఉండేవారు. మామూలు కాన్పులన్నీ నా చేతుల మీదే జరిగిపోయేవి. చెయ్యి దాటబోయే కేసును ముందే కనిపెట్టి ఆత్మకూరు బస్సెక్కించడమే నా ఉద్యోగంలో అసలు పని.

దుత్తలూరు వైపు పల్లె నుంచి వెంకమ్మ అనే ఆమె తన కోడలు రమణమ్మను తీసుకొచ్చింది. రెండో కాన్పు. తొలి బిడ్డకూ నేనే పురుడు పోశాను; పుట్టిన పూటే పోయింది. ‘పోనీలేమ్మా, మళ్ళీ పుడతారు’ అని, అందరూ అనే మాటే అని అప్పుడు పంపించాను. ఈసారి పొట్ట మీద చెయ్యి వేయగానే బిడ్డ తల ఒక పక్కన తగిలింది. ట్రాన్స్‌వర్స్ లై అంటాం దీన్ని, బిడ్డ అడ్డంగా ఉందని అర్థం. నొప్పులు రాకముందు డాక్టరు పైనుంచి చేతులతో మెల్లగా తిప్పితే చాలావరకు సర్దుకుంటుంది. నొప్పులొచ్చి ఉమ్మనీరు పోయిందంటే మాత్రం ఆ రోజుల్లో తల్లీబిడ్డలిద్దరూ దక్కడం కష్టం. సోమవారం రమ్మన్నాను, ఆత్మకూరుకు నేనే వెంట వస్తానన్నాను. వెంకమ్మ తలూపింది. సోమవారం పోయింది, మంగళవారం పోయింది, మనుషుల జాడ లేదు.

బుధవారం పొద్దున ఆ పల్లె బడి అయ్యవారు సుందరయ్య మాస్టారు చెమటలు కక్కుకుంటూ వచ్చారు.

“నర్సమ్మా, రమణమ్మను గుట్ట మీద రాక్షసగుడిలో పండుకోబెట్టినారు. నా మాట వల్లనే” అన్నారు.

మా మెట్ట ప్రాంతంలో గుట్టల మీద అక్కడక్కడా నాలుగు బండలు నిలబెట్టి పైన ఒక బండ కప్పిన కట్టడాలుంటాయి. వాటినే రాక్షసగుళ్ళంటారు. ఎప్పుడో నిప్పుల వాన కురుస్తుందని తెలిసి, ఆనాటి మనుషులు కట్టుకున్న ఇళ్ళవి అని పెద్దలు చెప్పే కథ. మాస్టారు దానికి తన సిద్ధాంతం చేర్చారు. సముద్రంలో మునిగిపోయిన ఒక ఖండం నుంచి వచ్చిన మహాజ్ఞానులట వాళ్ళు. రాళ్ళలో దాక్కుని ప్రళయం తప్పించుకుని మరో దేశం పోయారట. ఆయన పాఠం చెప్తే పిల్లలు కునుకు తీసేవారు గానీ, ఈ రాళ్ళ సంగతి ఎత్తితే పెద్దవాళ్ళు అన్నానికి కూడా లేచేవారు కాదు. నేనూ నోరు తెరుచుకుని విన్నదాన్నే.

ఆ ఏడు వానల్లేవు. యుద్ధంలో పట్నాల మీద బాంబులేసిన కథలు ఇంకా జనం నోట్లో నానుతున్నాయి. నిప్పుల వాన మళ్ళీ ఎప్పుడని ఎవరో అడిగితే, కప్పు బండ మీది గుంటలు నక్షత్రాల లెక్కని, ఆ లెక్కన ఈ వచ్చే అమావాస్యేనని మాస్టారు అన్నారు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు గదా. మాస్టారు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చిన మర్నాడే ఆ అమావాస్య.

బండి కట్టించి ఇద్దరం గుట్ట దగ్గరికి పోయాం. రాళ్ళ చుట్టూ జనం మూటాముల్లెలతో దిగి ఉన్నారు. లోపల చాప మీద రమణమ్మ. నడుము లాగుతోందని మూలిగింది. నొప్పులకు ముందు సూచన అది.

“వెంకమ్మా, లేపు పిల్లను. బండి తెచ్చినా” అన్నాను.

“పంపను నర్సమ్మా. ఈ అమావాస్య దాటనీ, యాడికి రమ్మంటే ఆడికి తెస్తా. తొలి బిడ్డ ఎట్నో పోయింది. ఇదన్నా దక్కాలనే గదా ఇంత పాటు పడతా ఉండేది!”

“నిప్పుల వానా లేదు, గాడిదగుడ్డూ లేదు!” అని కసిరాను.

మాస్టారు చేతులు జోడించారు. “నేను చెప్పింది తప్పు వెంకమ్మా.”

“ఇప్పుడు తప్పంటే ఎట్ట అయ్యోరా? నర్సమ్మ మొగమాటానికి అంటా ఉండారు మీరు. ఈ రాళ్ళలో దూరినోళ్ళంతా బతికిపోయినారని మీరే గదా చెప్పినారు!”

మాస్టారు వంగి లోపలికి దూరి, మూలన మట్టిని చేతులతో తోడసాగారు. ఒక పలక రాయి బయటపడింది. దాన్ని పక్కకు నెట్టారు. కింద ఎర్రమట్టి తొట్టి, అందులో ఎముకలు.

“ఇది ఇల్లు గాదు, సమాధి” అన్నారు అందరికీ వినబడేలా. “శానా ఏండ్ల నాడే చూసినా. నా సిద్ధాంతం చెడిపోతాదని మళ్ళీ మట్టి కప్పినా. ఈడ బతికి బయటపడినోళ్ళు ఎవురూ లేరు.”

“అయ్యో నా తల్లే! నిండు చూలాల్ని సమాధిలో పండుకోబెట్టినానా!” అని వెంకమ్మ కోడలి చంకల్లో చేతులేసి లేపేసింది. నా చదువంతా చేయలేని పని మైల భయం చేసింది. అయితే తల మీద నీళ్ళు పడందే బండెక్కించనని మళ్ళీ మొండికేసింది. గుట్ట మీద స్నానానికి నీళ్ళెక్కడివి? తాగడానికి తెచ్చుకున్న కూజా నీళ్ళు అత్తాకోడళ్ళిద్దరి నెత్తినా కుమ్మరించాను. బస్సు రోడ్డు చేరేసరికి మా అందరి నాలుకలూ పిడచగట్టుకుపోయాయి.

ఆ సాయంత్రమే ఆత్మకూరులో డాక్టరు బిడ్డను తిప్పారు. అమావాస్య నాడు వడగాలి తప్ప ఏమీ కురవలేదు. రమణమ్మకు ఆడపిల్ల పుట్టింది, తల ముందుగా, చక్కగా.

పల్లెలో మాస్టారికి ‘నిప్పులయ్యోరు’ అని పేరు పడింది. కుర్రకారు ఎదురుగానే నవ్వేవారు. ఆయన అన్నీ పడ్డారు. ఏళ్ళ తరబడి ప్రేమగా కట్టుకున్న సిద్ధాంతాన్ని నలుగురిలో తన చేతులతోనే కూల్చుకున్న మనిషిని ఇంకొకరిని నేను చూడలేదు. ఆయనంటే నాకు ఈనాటికీ గౌరవం.

కొన్నాళ్ళకు ఆయన మా కేంద్రానికి వచ్చి, మంచినీళ్ళు తాగి, ఒక మాట చెప్పారు.

“ఆ తొట్టిలోవి చిన్న ఎముకలు నర్సమ్మా. పాలపళ్ళు గూడా రాలలా. మెడలో పూసలుండాయి. లోకం అంతమైపోతాదని కట్టలేదు వాళ్ళు. ఒక బిడ్డ పోతే కట్టినారు. అంతంత బండలు మోసి, ఒక్క బిడ్డ కోసం!” పాత కథలు చెప్పేనాటి వెలుగే ఆయన కళ్ళలో కనబడింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు పనిచేశాను. బిడ్డ దక్కని తల్లి దగ్గర ‘పోనీలేమ్మా, మళ్ళీ పుడతారు’ అన్న మాట నా నోట రాలేదు. మంచం పక్కన కూర్చుని, ఆ బిడ్డ ఎవరి పోలికమ్మా అని అడిగేదాన్ని.